చిరునామా వట్టి అక్షరాల వరుస కాదు

కొన్నేళ్ల క్రితం మాట. మా ఊరి సాహితీమిత్రులు నెలకొకసారి కలిసి కూర్చుని ఏదో ఒక పుస్తకం గురించి మాట్లాడుకునేవారు. సమావేశం ఎక్కడ, ఎన్నింటికి, ఏ పుస్తకం మీద అన్న సంగతులు సభ్యులందరికీ ఈమెయిలులో తెలియజేసే పని నా మీద పడింది. "కంప్యూటర్ల వాడివి గదా, నీకెంత సేపు!" అన్నారు. ఆ మాటకు ఉబ్బిపోయి, ఒక్కొక్కరికీ చేత్తో పంపడం నామోషీ అనుకొని, చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాను. సభ్యుల చిరునామాలన్నీ ఉన్న పొడవాటి జాబితాను అది తీసుకుంటుంది. కామా కనబడిన చోటల్లా తెంచుతుంది. తెంచిన ప్రతి ముక్కకూ ఒక ఉత్తరం పంపుతుంది. చిరునామాలా కనబడని ముక్కను చప్పుడు చేయకుండా పక్కకు నెట్టేస్తుంది. ఇరవై పంక్తులు కూడా లేని ఆ ప్రోగ్రాము మొదటి నెల చక్కగా పనిచేసింది. ఆ తర్వాత దాని సంగతి నేను మరచిపోయాను.

ఆరేడు నెలలు గడిచాక ఒక పెళ్లిలో మా సభ్యుడొకాయన కనిపించారు. తెలుగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఈ మధ్య రావడం లేదేమని అడిగాను. ఆయన కాసేపు నా ముఖం కేసి చూసి, "నా పేరు కొట్టేశారు గదా నాయనా! పిలవని పేరంటానికి ఎలా వస్తాను?" అన్నారు. అంతకు ముందు జరిగిన ఒక సమావేశంలో ఛందస్సు గురించి ఆయనకూ మరొకరికీ కాస్త మాటా మాటా పెరిగిన మాట నిజం. అందుకే తనను వెలివేశారని ఆయన అనుకున్నారు. ఎవరినీ అడగలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఇంటికి వచ్చి జాబితా తెరిచి చూశాను. ఆయన పేరు ఎవరూ కొట్టేయలేదు. ఆయన కంప్యూటరును సర్దిపెట్టిన మనవడు అమెరికా పద్ధతిలో ఇంటిపేరు ముందు రాసి, కామా పెట్టి, ఆ తర్వాత అసలు పేరు రాశాడు. జాబితాలో ఆయన చిరునామా ఇదిగో ఈ తీరున ఉంది: "ఇంటిపేరు, పేరు" <మాస్టారు@ఉదాహరణ.భారత్>. (అక్షరాలు మార్చి రాస్తున్నాను, తీరు మాత్రం అదే.) కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ఆ కామా దగ్గర నా ప్రోగ్రాము ఆయనను రెండుగా నరికింది. మొదటి ముక్కలో చిరునామా లేదు. రెండో ముక్కలో జత తప్పిన కొటేషన్ గుర్తు ఉంది. రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. ఒక పెద్దమనిషి ఆరేడు నెలల పాటు మనసు కష్టపెట్టుకోవడానికి కారణం ఒక కామా. కామా కూడా కాదు; దాన్ని చూసి తొందరపడిన నేను.

అప్పటి నుండి నాలో పాతుకుపోయిన అభిప్రాయాన్ని ఇక్కడ చెప్పదలచుకున్నాను. ప్రోగ్రాములో ఈమెయిలు చిరునామాను వట్టి అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగుగా, మోసుకు తిరగకూడదు. అది లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఒక్కసారి సరిగ్గా పదవిభాగం చేసి, ఒక ఆబ్జెక్టుగా మలచుకొని, అక్కడి నుండి ఆ ఆబ్జెక్టునే వాడుకోవాలి. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది: ఆ ఆబ్జెక్టు తనకు తెలిసినదే చెప్పాలి, తెలియనిది తెలిసినట్టు నటించకూడదు.

పదవిభాగం అన్న మాట కావాలనే వాడాను. ప్రోగ్రాములు రాసేవారు పార్సింగ్ అనే పనికీ, మన మాస్టార్లు పద్యం చెప్పేటప్పుడు మొదట చేసే పనికీ తేడా లేదు. "రాముడతడు" అన్నది చెవికి ఒకే మాట. రాముడు, అతడు అని విడదీస్తే గాని అందులో ఎవరెవరున్నారో తెలియదు. విడదీసే చోటు తప్పితే తాత్పర్యం తప్పుతుంది. సంధి ఎక్కడ జరిగిందో తెలియకుండా కనబడిన చోటల్లా కత్తిరించేవాణ్ణి ఏ మాస్టారూ పద్యం దరిదాపులకు రానివ్వరు. నేను చిరునామాల విషయంలో చేసింది సరిగ్గా అదే.

ఇంతకీ ఆ చిరునామాలో ఏముంటుంది? 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఆర్పానెట్ మీద ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి సందేశం పంపే ఏర్పాటు చేస్తూ, మనిషి పేరునూ యంత్రం పేరునూ వేరు చేయడానికి @ గుర్తును ఎంచుకున్నాడు. ఎడమన మనిషి, కుడిన ఊరు. అక్కడితో ఆగితే ఏ చిక్కూ లేకపోను. 1982లో ఆర్.ఎఫ్.సి. 822 అనే ప్రమాణ పత్రం వచ్చింది. దాన్ని 2001లో ఒకసారి, 2008లో ఆర్.ఎఫ్.సి. 5322గా మరొకసారి తిరగరాశారు. ఈ పత్రాల ప్రకారం చిరునామాకు ముందు పైకి కనబడే పేరు ఉండవచ్చు. ఆ పేరు కొటేషన్ గుర్తుల మధ్య ఉంటే అందులో కామాలూ చుక్కలూ ఉండవచ్చు. కుండలీకరణాల మధ్య వ్యాఖ్యలు ఉండవచ్చు. చదివే యంత్రం వాటిని పట్టించుకోనక్కరలేదు. @ గుర్తుకు ఎడమ భాగాన్ని కూడా కొటేషన్లలో పెట్టి అందులో ఖాళీలూ, ఆఖరికి మరొక @ గుర్తూ రాయవచ్చు. అంటే మొదట కనబడిన @ దగ్గర తెంచితే ఒక్కోసారి తప్పు. ఒక పేరు, కోలన్, కొన్ని చిరునామాలు, సెమికోలన్ అనే వరుసలో బృందాలుంటాయి. బృందంలో ఒక్క చిరునామా కూడా లేకపోయినా అది చెల్లుతుంది. 'గ్రహీతలు గోప్యం' అన్న అర్థంలో ఉత్తరాల నెత్తిన కనబడే ఇంగ్లీషు మాట అలాంటి ఖాళీ బృందమే.

ఇదంతా చూస్తే ప్రమాణాలు రాసిన పెద్దలకు వేరే పని లేదా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో ఒక్కొక్క వలయానికీ ఒక్కొక్క చిరునామా పద్ధతి ఉండేది. ఆశ్చర్యార్థకాలతో యంత్రాల పేర్లను గొలుసుకట్టుగా రాసేవారు కొందరు, శాతం గుర్తుతో దారి చెప్పేవారు కొందరు. అందరినీ ఒకే చావడిలో కూర్చోబెట్టాలంటే వాకిళ్లు ఎక్కువ పెట్టక తప్పలేదు.

అయితే ఆ పత్రాల గందరగోళం మధ్య ఒక ధర్మసూత్రం ఉంది. అది నాకు బాగా నచ్చుతుంది. ఉత్తరాల రవాణా గురించి చెప్పే ఆర్.ఎఫ్.సి. 5321 ప్రకారం, @ గుర్తుకు ఎడమవైపు ఉన్నదానికి అర్థం చెప్పే అధికారం కుడివైపు ఉన్న డొమైన్ వారిదే. దారిలో మరెవరికీ ఆ హక్కు లేదు.

మన తపాలాను గుర్తు తెచ్చుకోండి. కార్డు మీద చిరునామా పైనుండి కిందికి రాస్తాం; తపాలా వారు కిందనుండి పైకి చదువుతారు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 అయితే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు వెళ్లాల్సిన ఉత్తరం. రైల్లో కూర్చుని ఉత్తరాలు వేరుచేసే వ్యక్తికి అంతవరకు తెలిస్తే చాలు. "రామాలయం వెనక పెద్ద అరుగు ఇల్లు, సీతమ్మ గారికి" అన్న పై పంక్తిని అర్థం చేసుకోవలసినవాడు ఆ ఊరి పోస్టుమాన్. ఏ సీతమ్మ గారో అతనికి తెలుసు. దారిలో ఉన్న గుమాస్తా ఆ పంక్తి చదివి, "అరుగు అన్న మాట చిరునామాలో ఉండకూడదు" అని కార్డు చింపేస్తే ఎలా ఉంటుంది?

అలా చింపే గుమాస్తాలనే మనం ప్రోగ్రాముల్లో వేలకొద్దీ కూర్చోబెట్టాం. వారి పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఎక్కడో ఒకచోట దొరికిన ఒక పంక్తి సూత్రాన్ని తెచ్చి ఫారాలకు అతికిస్తాం. చివరి భాగంలో రెండు నుండి నాలుగు అక్షరాలే ఉండాలంటుంది ఆ సూత్రం. ఆరక్షరాల 'మ్యూజియం' డొమైన్ 2001లోనే వచ్చింది. 2013 తర్వాత పొడవాటి కొత్త కొసలు వందలకొద్దీ పుట్టాయి. ఆ గుమాస్తాకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు. కూడిక గుర్తు ఉండకూడదంటుంది ఇంకొక సూత్రం. తమ ఉత్తరాలను విడివిడిగా సర్దుకోవడానికి ఆ గుర్తు వాడుకునేవారి ముఖాన తలుపు పడుతుంది. ఐర్లండు వారి ఇంటిపేర్లలో ఉండే అపోస్ట్రఫీ కూడా కుదరదంటుంది మరొకటి. నియమాల ప్రకారం అవన్నీ చెల్లే చిరునామాలే. "మీ ఈమెయిలు చిరునామా సరికాదు" అన్న ఎర్ర అక్షరాలను చూసి, తన చిరునామాలోనే ఏదో తప్పుందని అమాయకంగా నమ్మి వెనుదిరిగినవారు ఎందరో!

పోనీ ప్రమాణాన్ని పొల్లుపోకుండా అనుసరించే సూత్రం రాయవచ్చు గదా అంటారా? రాశారు. జెఫ్రీ ఫ్రీడెల్ 1997లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో అలాంటి ప్రయత్నం ఉంది. పెర్ల్ భాషలో పుటనిండా పరచుకున్న సూత్రం మరొకటి ప్రచారంలో ఉంది. వాటిని చూసి దండం పెట్టవచ్చు. చదివి సరిచేయడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. వెబ్ పుటల ప్రమాణమైన హెచ్.టి.ఎం.ఎల్. రాసినవారు ఇంకొక దారి తొక్కారు. ఆర్.ఎఫ్.సి. 5322 ఒక వైపు మరీ కఠినం, ఒక వైపు మరీ అస్పష్టం, ఒక వైపు మరీ వదులు అని చెప్పి, తెలిసి తెలిసీ దాన్ని ఉల్లంఘిస్తున్నామని ప్రమాణంలోనే రాసి, ఒక చిన్న సూత్రం ఇచ్చారు. ఆ నిజాయితీని మెచ్చుకుంటాను. కానీ సూత్రం పెద్దదైనా చిన్నదైనా దాని జవాబు ఒక్కటే: అవును, కాదు. మాస్టారి చిరునామాలో పేరెక్కడ ముగిసింది, చిరునామా ఎక్కడ మొదలైంది అని అడిగితే ఆ అవును-కాదుకు నోరు లేదు.

ఇక్కడే తేడా ఉంది. పరీక్షించడం వేరు, పదవిభాగం చేయడం వేరు. పరీక్షించిన తర్వాత కూడా మన చేతిలో మిగిలేది అదే పాత అక్షరాల వరుస. అది పరీక్షకు నిలిచిందో లేదో తర్వాతి ఫంక్షనుకు తెలియదు. కాబట్టి అది మళ్లీ పరీక్షిస్తుంది, తనకు తోచిన మరో పద్ధతిలో. పదవిభాగం చేస్తే చేతికి వచ్చేది కొత్త వస్తువు: పేరు విడిగా, ఎడమ భాగం విడిగా, డొమైన్ విడిగా. అది చేతిలో ఉండడమే అది సరిగ్గా విడిపోయిందనడానికి సాక్ష్యం. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. మార్టిన్ ఫౌలర్ 1999లో ప్రచురించిన 'రీఫాక్టరింగ్' గ్రంథం, సొంత అర్థమున్న విషయాలను వట్టి అంకెలుగానూ అక్షరాలుగానూ మోసే అలవాటును దోషాల జాబితాలోనే చేర్చింది. 2019లో అలెక్సిస్ కింగ్ రాసిన వ్యాసమొకటి, పరీక్షించి వదిలేయకుండా పదవిభాగం చేయమని పేరులోనే చెప్పి చాలామంది కళ్లు తెరిపించింది.

పైథాన్ భాషలో ఈ పని ఎలా చేశారో చూడండి. ఆ భాషతో పాటే వచ్చే ఈమెయిలు గ్రంథాలయంలో అడ్రస్ అనే క్లాసు ఉంది. 2012లో 3.3 కూర్పులో పరీక్షార్థం చేర్చి, 2016లో 3.6 నాటికి స్థిరపరచారు. పైకి కనబడే పేరు, వాడుకరి పేరు, డొమైన్, రెండూ కలిసిన చిరునామా అని నాలుగు గుణాలను అది విడివిడిగా చూపిస్తుంది. దానిని తిరిగి అక్షరాలుగా రాయమంటే, పేరులో కామా ఉంటే తనంతట తానే కొటేషన్ గుర్తులు పెడుతుంది. ఒకసారి తయారయ్యాక దాని గుణాలను మార్చనివ్వదు. బృందాలకు గ్రూప్ అని వేరే క్లాసు కూడా ఉంది. నా ఇరవై పంక్తుల ప్రోగ్రాము స్థానంలో దీన్ని వాడి ఉంటే మాస్టారి ఇంటిపేరు పక్కనున్న కామా ఎవరినీ బాధపెట్టకపోను.

ఆబ్జెక్టు చేసుకున్నంత మాత్రాన కష్టాలన్నీ తీరిపోవు. రెండు చిరునామాలు ఒకటేనా అన్న ప్రశ్న దగ్గర మొదటి చిక్కు వస్తుంది. డొమైన్‌లో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటే. ఎడమ భాగంలో మాత్రం ప్రమాణం ప్రకారం అవి వేరు. ఆచరణలో అలా వేరుగా చూసే సంస్థలు అరుదు. అందుకే కాబోలు, జావా భాషలో ఈమెయిలుకు వాడే ఇంటర్నెట్ అడ్రస్ క్లాసు రెండు చిరునామాలను పోల్చేటప్పుడు ఆ తేడాను మొత్తంగా విస్మరిస్తుంది. జీమెయిలు తన వాడుకరుల పేర్లలో చుక్కలను లెక్కచేయదు. అది ఆ ఇంటివారి నిర్ణయం. ఆ సంగతి విని అన్ని డొమైన్ల చిరునామాల్లోనూ చుక్కలు తీసేసే ప్రోగ్రాములు రాసేవారున్నారు. మరొక చోట చుక్క ఉన్న పేరూ చుక్క లేని పేరూ ఇద్దరు మనుషులవి కావచ్చు. ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతిలో పడితే పూచీ ఎవరిది?

నా మటుకు నేను పాటించే నియమం ఇది. ఆబ్జెక్టు రెండు రూపాలను దాచుకోవాలి. ఒకటి, మనిషి రాసి ఇచ్చింది రాసి ఇచ్చినట్టు. ఉత్తరం పంపేటప్పుడు దానినే వాడాలి. రెండోది, పోలికకు మాత్రమే వాడే రూపం. దానిని ఏ పద్ధతిలో తయారుచేశామో కోడులో బాహాటంగా రాసి ఉండాలి. పోలిక కోసం చేసిన మార్పును ఉత్తరం మీద రుద్దకూడదు. మనిషి పేరును మన వీలు కోసం దిద్దే హక్కు మనకు లేదు.

రెండో చిక్కు భద్రతది. ఒకే చిరునామాను రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా విడదీస్తే ఆ సందులోంచి దొంగ దూరతాడు. ఫలానా డొమైన్ వారికి మాత్రమే ప్రవేశం అని ఒక సంస్థ నియమం పెట్టుకుందనుకోండి. తలుపు దగ్గరి ప్రోగ్రాము ఒక డొమైన్ చదివి లోపలికి రానిస్తుంది. ఉత్తరం పంపే ప్రోగ్రాము మరొక డొమైన్ చదివి ధ్రువీకరణ సంకేతాన్ని బయటివాడికి పంపుతుంది. ఇది ఊహ కాదు. పైథాన్‌లోనే పాత పద్ధతి ఫంక్షనొకటి, పేరు పార్స్‌అడ్రస్, ప్రత్యేక గుర్తులున్న కొన్ని వరుసల్లో తప్పు భాగాన్ని చిరునామాగా చూపుతోందని 2023లో భద్రతా లోపంగా నమోదైంది. గారెత్ హేస్ అనే పరిశోధకుడు, పాత ప్రమాణాల్లోని ఎన్‌కోడింగు వెసులుబాట్లతో ఇలాంటి తేడాలు పుట్టించి ప్రవేశ నియమాలను దాటవచ్చని 2024లో చూపించాడు. గుమ్మం దగ్గర ఒక్కసారే విడదీసి, ఆ విడదీసిన దానినే అందరూ వాడుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. విడదీసేవాడు ఒక్కడైతే అతడు తప్పు చేసినా అందరూ ఒకే తప్పు చేస్తారు, దిద్దడం తేలిక.

"ఇంత చిన్న పనికి ఇంత పటాటోపమా?" అని అడిగే మిత్రులున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. లోపల అక్షరాల వరుసనే పెట్టుకొని పైన ఆబ్జెక్టు కోటు తొడిగిన క్లాసులు నేనూ చూశాను. అవి మరింత ప్రమాదం, ఎందుకంటే 'చెల్లుబాటైన ఈమెయిలు' అని పేరు పెట్టుకొని తిరుగుతాయి. చెల్లుబాటు దేనికి? విడదీయడం వల్ల తెలిసేది వ్యాకరణం మాత్రమే. ఆ చిరునామాలో మనిషి ఉన్నాడా, ఆ పెట్టె ఎవరైనా తెరుస్తున్నారా అన్నది అక్షరాలను ఎంత సేపు చూసినా తెలియదు. అది తెలియాలంటే ఒక ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడడం ఒక్కటే మార్గం. కాబట్టి 'వ్యాకరణం కుదిరిన చిరునామా' ఒక వస్తువు, 'యజమాని జవాబిచ్చిన చిరునామా' మరొక వస్తువు. రెంటికీ రెండు క్లాసులుండాలని నా అభిప్రాయం. తెలిసినది మాత్రమే చెప్పాలని మొదట అన్నది దీని గురించే.

ఇక మన సంగతి. 2012లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 6530, 6531, 6532 పత్రాలతో @ గుర్తుకు రెండు వైపులా ప్రపంచంలోని ఏ లిపి అయినా రాయడానికి ప్రామాణికమైన దారి ఏర్పడింది. 2014 ఆగస్టులో జీమెయిలు అలాంటి చిరునామాలతో ఉత్తర ప్రత్యుత్తరాలను ఆమోదించడం మొదలుపెట్టింది. మన దేశానికి తెలుగు లిపిలో '.భారత్' అనే కొస కూడా ఉంది. అంటే పైన నేను మాస్టారి కోసం అల్లిన చిరునామా రూపం కల్పన కాదు; అలాంటిది నిజంగా ఉండవచ్చు. కానీ ఉన్నా ఎన్ని ఫారాలు దానిని లోపలికి రానిస్తాయి? హెచ్.టి.ఎం.ఎల్. వారు రాసిన ఆ చిన్న సూత్రంలో ఎడమ భాగానికి రోమన్ లిపికే చోటిచ్చారు. పి.హెచ్.పి. భాషలో చిరునామాను పరీక్షించే ఫంక్షనుకు యూనికోడ్ అక్షరాలను ఒప్పుకునే వెసులుబాటు 7.1 కూర్పులో వచ్చింది. దాన్ని ప్రోగ్రాము రాసేవాడు ప్రత్యేకంగా కోరాలి. కోరడానికి అలాంటి చిరునామా ఒకటి ఉంటుందని అతనికి తెలియాలి గదా!

మన లిపిని లోపలికి రానిచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. ఎడమ భాగానికి 64 బైట్ల పరిమితి ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి మూడు. గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడి సంకేతాలే. 'ప.వెంకటసుబ్రహ్మణ్యశర్మ' అన్న పేరు మన కంటికి పది అక్షరాలు, ఒక చుక్క. లెక్కవేసి చూడండి, సరిగ్గా 64 బైట్లు. 'గారు' అని చేర్చడానికి చోటు లేదు! అక్షరాలను లెక్కపెట్టే ప్రోగ్రాము ఈ పేరు చాలా చిన్నదనుకుంటుంది. బైట్లను లెక్కపెట్టేది ఇక చాలంటుంది. ఏది లెక్కపెట్టాలో తెలిసిన ఆబ్జెక్టు ఒకటి మధ్యలో ఉంటే ఈ తగవు రాదు.

ఇంకొకటి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, దాని కింది కొమ్ము అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే 'కైలాసం'. బైట్లలో అవి రెండు వేరు వేరు పేర్లు. ఎన్.ఎఫ్.సి. అనే ఏకరూపంలోకి మార్చి పోలిస్తే ఆ చిక్కు తీరుతుంది. తీరనిది ఇంకొకటుంది: పొల్లు తర్వాత వచ్చే, కంటికి కనబడని విభాజకం. 'సుధీర్' అని రాస్తే కొన్ని టైపింగు పనిముట్లు చివర దానిని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మాట చివర అది ఉన్నా లేకపోయినా రూపం మారదు. ఎన్.ఎఫ్.సి. దాని జోలికి పోదు. ఒక పనిముట్టుతో ఖాతా తెరిచిన సుధీర్, మరొక పనిముట్టుతో తన పేరు కొట్టి, 'మీరెవరో మాకు తెలియదు' అన్న జవాబు చూస్తాడు. అలాగని దానిని అన్ని చోట్లా తీసేద్దామంటే, మాట నడుమ అది లేకపోతే 'రాజ్‌కుమార్' లోని కకారం జకారం కిందికి ఒత్తుగా జారిపోతుంది. అక్కడ అది మన రాతలో భాగం. ఈ సంగతులు కాలిఫోర్నియాలో కూర్చుని సూత్రం రాసేవాడికి తట్టవు. తట్టాలని కోరడం కూడా న్యాయం కాదు. తెలుగు తెలిసి ప్రోగ్రాములు రాసేవారు లక్షల్లో ఉన్నాం. మనం పట్టించుకోకపోతే వేరెవరు పట్టించుకుంటారు? మన చేతుల మీదుగా వెళ్లే ఫారాల్లోనైనా మన అక్షరాలు గుమ్మం బయట నిలబడకుండా చూడడం మన పని కాదా?

చిరునామా అంటే వెనకాల ఒక మనిషి ఉన్నాడని చెప్పే గుర్తు. అంకెను తప్పుగా విడదీస్తే లెక్క తప్పుతుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. చిరునామాను తప్పుగా విడదీస్తే మనిషి జారిపోతాడు. జారిపోయినవాడి నుండి ఫిర్యాదు రాదు. ఫిర్యాదు చేయమని అడిగే ఉత్తరం కూడా అతనికి అందదు. నా ప్రోగ్రాము చేసిన తప్పుల్లో పెద్దది కామా దగ్గర తెంచడం కాదు, అర్థం కాని ముక్కను మాటా పలుకూ లేకుండా పారేయడం. విడదీయలేకపోయినప్పుడు ఆ సంగతి గట్టిగా చెప్పాలి. అది ప్రోగ్రాముకు నేర్పవలసిన మొదటి మర్యాద.

ఆ రాత్రే ప్రోగ్రాము తిరగరాశాను. పొద్దున్నే మాస్టారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. కామా గురించీ కొటేషన్ల గురించీ ఓపిగ్గా విన్నారు. విని, "అంటే తప్పు సంధి విడదీశావన్న మాట!" అని నవ్వారు. తర్వాతి సమావేశానికి అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు.